వేదిక మెట్లు

నాట్యశాస్త్రంలో విదూషకుడి రూపురేఖలు చెప్పేటప్పుడు భరతముని మొహమాటపడలేదు. మరుగుజ్జు, ఎత్తుపళ్లవాడు, గూనివాడు, వికారమైన ముఖంవాడు, బట్టతలవాడు, పింగళాక్షుడు అని వరసపెట్టి చెప్పేశాడు. రాజాంతఃపురంలో తిరిగే చిన్న పాత్రల్లోనూ గూనివాళ్లను, మరుగుజ్జులను చేర్చాడు. మామూలు దేహం కానిదానికి మన రంగస్థలం మీద దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే చోటు దొరికిందన్నమాట. చూడగానే జనం నవ్వడానికి దొరికిన చోటు అది.

ఏ దేశపు నాటకం తిరగేసినా ఇదే వరస. ధృతరాష్ట్రుడి చూపు లేమి కొడుకు మీది గుడ్డి మమకారానికి గుర్తయింది. మంథర గూని ఆమె బుద్ధికి గుర్తయింది. గ్రీకు నాటకంలో టైరీసియస్‌కు కళ్లు లేవు గనకే రాబోయేది కనిపిస్తుంది. ఈడిపస్ అన్న పేరుకే వాచిన పాదం అని అర్థం. షేక్‌స్పియర్ మూడో రిచర్డ్ చేత తన వంకర దేహమే తన క్రౌర్యానికి మూలమని చెప్పించాడు. దేహంలోని లోపం దానంతట అది ఎక్కడా లేదు. శాపంగానో, పాపంగానో, దివ్యదృష్టిగానో, హాస్యంగానో మారితేనే దాన్ని వేదిక ఎక్కనిచ్చారు.

ఆ పాత్రలు వేసిందెవరు? నడుము నిటారుగా ఉన్న నటులే. వీపుకు గుడ్డల మూట కట్టుకుని గూనివాడయ్యారు, కనుగుడ్లు పైకి తిప్పి అంధుడయ్యారు, చప్పట్లు కొట్టించుకుని ఇంటికెళ్లి మూట విప్పేశారు. మూడో రిచర్డ్ నాటకం పుట్టింది 1590ల్లో. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఆ పాత్రను మొదటిసారి ఒక వికలాంగ నటుడి చేతిలో, ఆర్థర్ హ్యూస్ చేతిలో, పెట్టింది 2022లో. పాత్ర తనలాంటి మనిషిని చేరడానికి నాలుగు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఇంత దూరం వెనక్కి ఎందుకు చూస్తున్నానో చెప్పాలి. మా ఊరి హైస్కూల్లో ఏటా వార్షికోత్సవానికి రాయబారం సీను వేసేవాళ్లం. నాతో చదివే ఒకబ్బాయికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడ్డాయి. రాయబారం పద్యాలు వాడికి మొత్తం నోటికి వచ్చు. రాగం తీస్తే హార్మోనియం మాస్టారు కళ్లు మూసుకుని తలాడించేవారు. అయినా కృష్ణుడి వేషం ఒడ్డూ పొడుగూ ఉన్న మరొకడికి ఇచ్చారు. మావాడికిచ్చిన పని తెర లాగడం, పద్యం మర్చిపోయినవాడికి పక్కనుంచి అందించడం. కృష్ణుడు రెండుసార్లు తడబడితే రెండుసార్లూ అందించాడు. మాలో ఎవరికీ అది తప్పని తోచలేదు. మా బడి వేదికకు నాలుగు మెట్లుండేవి, పట్టుకోవడానికి కమ్మీ ఉండేది కాదు. వాడు చేతులానించి కూర్చుని ఒక్కో మెట్టే ఎక్కి తెర వెనక్కి చేరేవాడు. రంగస్థల చరిత్ర ఎక్కడ చదివినా నాకు ఆ నాలుగు మెట్లే గుర్తొస్తాయి.

నేనిక్కడ వాడుతున్న మాట గురించి కూడా ఒక మాట. ప్రభుత్వం దివ్యాంగులు అంటోంది. హక్కుల కోసం పోరాడే సంఘాల్లో చాలా భాగం ఆ మాటను ఒప్పుకోలేదు. మా దేహంలో దివ్యత్వమేమీ లేదు, మాకు కావలసింది పూజ కాదు, దారి అన్నాయి. వాళ్ల మాట మన్నించి నేనిక్కడ వికలాంగులనే రాస్తున్నాను.

పాత్రగా కాక స్వయంగా వేదిక మీదికి వచ్చిన వికలాంగుడికి మొదట్లో దొరికింది నాటకశాల కాదు, ప్రదర్శనశాల. 1841లో న్యూయార్క్‌లో పీ.టీ. బార్నమ్ కొని నడిపిన అమెరికన్ మ్యూజియంలో టిక్కెట్టు కొని మనుషుల్ని చూసేవారు. టామ్ థంబ్ పేరుతో చార్లెస్ స్ట్రాటన్ అనే మరుగుజ్జు బాలుణ్ణి బార్నమ్ 1844లో విక్టోరియా రాణి ముందు కూడా నిలబెట్టాడు. ఆ పిల్లవాడు పాడాడు, ఆడాడు, నెపోలియన్‌ను అనుకరించాడు. నటనే అది. కానీ జనం కొన్న టిక్కెట్టు అతని పొడుగు కోసం. ఈ కాలాన్ని తిట్టి ఊరుకోవడం తేలిక. అలాంటి ప్రదర్శనశాలల్లో పనిచేసినవాళ్లలో కొందరికి బతుకుతెరువు అక్కడే దొరికిందన్నదీ నిజమే, బయట ఎవరూ పని ఇవ్వలేదన్నదీ నిజమే.

హెలెన్ కెల్లర్ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆమె పుస్తకాల గురించి మన పిల్లల పాఠాల్లో ఉంటుంది, ఆమె వేదికెక్కిన సంగతి ఉండదు. 1920 నుంచి నాలుగేళ్లపాటు ఆమె, గురువు యాన్ సల్లివాన్ అమెరికాలోని వాడ్‌విల్ రంగస్థలాల మీద, గారడీవాళ్ల మధ్య, పాటగాళ్ల మధ్య ఇరవై నిమిషాల అంశం ప్రదర్శించారు. చూసినవాళ్లు ప్రశ్నలు వేస్తే ఆమె చమత్కారంగా జవాబులిచ్చేది. అంత గొప్ప మనిషి సర్కస్‌లాంటి చోటికి దిగజారిందని కొందరు నొచ్చుకున్నారు. ఆమె మాత్రం ఆ పనిని ఇష్టపడింది. రాతలో కంటే అక్కడ డబ్బు ఎక్కువ వచ్చింది, జనం శ్వాస తనకు తెలిసేదని చెప్పుకుంది. అంతకు కొంచెం ముందు, 1915లో, ఫ్రాన్స్ మహానటి సారా బెర్నార్డ్‌కు 70 ఏళ్ల వయసులో కుడికాలు తీసేశారు. ఆమె ఆ తర్వాత కూడా నటించింది. పల్లకీలాంటి కుర్చీలో మోయించుకుంటూ వెళ్లి మొదటి ప్రపంచయుద్ధపు సైనికుల ముందు ఆడింది. కీర్తి ముందే ఉన్నవాళ్లకు దారి దొరికింది. పేరులేనివాడికి మాత్రం తలుపు తెరుచుకోలేదు.

ఆ తలుపును మొదట గట్టిగా తట్టింది బధిరులు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మన సామెత. శంఖం ఊదేవాడి అవస్థే అందులో ఉంది, వినేవాడి సంగతి లేదు. ఈ సామెతలోని ధోరణే 1880లో మిలన్ నగరంలో జరిగిన ఉపాధ్యాయుల మహాసభలో తీర్మానమై కూర్చుంది. బధిర పిల్లలకు సైగల భాషలో చదువు చెప్పకూడదు, నోటితో పలికించాలి, పెదవులు చూసి గ్రహించడం నేర్పాలి అని ఆ సభ తేల్చింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినగలవాళ్లే. ఎన్నో దేశాల బడుల్లో సైగ చేసిన పిల్లల చేతులను కట్టడి చేశారు. అదే వరుసలో తర్వాత జరిగిన మహాసభ ఆ తీర్మానానికి విచారం ప్రకటించింది 2010లో, వాంకూవర్‌లో. నూట ముప్పై ఏళ్ల తర్వాత.

బడిలో వెలివేసిన భాష క్లబ్బుల్లో, హాస్టళ్లలో, నాటకాల్లో బతికింది. వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలాడెట్‌లో విద్యార్థులు పందొమ్మిదో శతాబ్దం నుంచే నాటకాలు వేసేవారు. 1942లో వాళ్లు న్యూయార్క్ బ్రాడ్‌వే వేదిక మీద ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ నాటకాన్ని సైగలతో ఆడారు. అదే గాలాడెట్‌లో పాఠాలు చెప్పే విలియం స్టోకీ 1960లో, సైగల భాషకు సొంత నిర్మాణం ఉంది, సొంత వ్యాకరణం ఉంది, అది ఇంగ్లీషుకు చేతుల్తో చేసిన నకలు కాదు అని నిరూపించాడు. భాష అని ఒప్పుకున్నాక దానికి సాహిత్యమూ నాటకమూ ఉంటాయని ఒప్పుకోక తప్పదు. 1967లో కనెక్టికట్‌లో నేషనల్ థియేటర్ ఆఫ్ ది డెఫ్ పుట్టింది. స్థాపించిన డేవిడ్ హేస్ బ్రాడ్‌వేలో రంగాలంకరణ చేసే వినికిడి మనిషి. ముందు వరసలో నిలిచిన నటుడు బెర్నార్డ్ బ్రాగ్ పుట్టు బధిరుడు, పారిస్ వెళ్లి మార్సెల్ మార్సో దగ్గర మూకాభినయం నేర్చుకున్నవాడు.

ఆ బృందం చేసిన పని కలిసి ఆడే రంగస్థలానికి పునాది అనుకుంటాను. బధిర నటులు సైగలతో ఆడుతుంటే, వినగల నటులు అదే వేదిక మీద, పక్కనో మూలనో కాక పాత్రల మధ్యనే నిలబడి మాట పలికారు. ఒక పాత్రకు ఇద్దరు, రెండు భాషలు. హాల్లో చెవిటివాళ్లూ చెవులున్నవాళ్లూ ఒకే క్షణంలో నవ్వారు. అమెరికాలోని రాష్ట్రాలన్నిటా ఆ బృందం తిరిగింది. 1977లో అమెరికా రంగస్థలానికి ఇచ్చే టోనీ పురస్కారాల్లో దానికి ప్రత్యేక గౌరవం దక్కింది.

ఆ బృందం మొదటి తరంలోని నటి ఫిలిస్ ఫ్రెలిక్‌ను కలిశాకే మార్క్ మెడాఫ్ ‘చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ గాడ్’ నాటకం రాశాడు. నోటితో మాట్లాడించాలని పట్టుబట్టే మాస్టారికీ, నా చేతులతోనే మాట్లాడతానని మొండికేసే బధిర యువతికీ మధ్య ప్రేమ, పోరు. మిలన్ తీర్మానానికి వేదిక మీద దొరికిన జవాబు అది. ఆ పాత్రను బధిర నటే వేయాలని రచయిత నియమం పెట్టాడు. ఫ్రెలిక్‌కు 1980లో ఉత్తమ నటిగా టోనీ వచ్చింది. అదే పాత్రతో సినిమాలో మార్లీ మాట్లిన్ 21 ఏళ్లకే ఆస్కార్ గెలిచింది. 1991లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన డెఫ్ వెస్ట్ థియేటర్ ఇదే దారిని సంగీత నాటకాల్లోకి తీసుకెళ్లింది. వాళ్ల ‘బిగ్ రివర్’ 2003లో బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు ఒక పాట మధ్యలో వాద్యాలూ గొంతులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. బృందమంతా, వినగలవాళ్లూ బధిరులూ కలిసి, నిశ్శబ్దంలో చేతులతో ఆ పాటను ముగిస్తారు. ఆ కొద్ది క్షణాలు వినగల ప్రేక్షకుడు బధిరుల ఇంటికి అతిథిగా వెళ్లినట్టే. 2022లో ‘కోడా’ సినిమాకు ఆస్కార్ అందుకున్న ట్రాయ్ కాట్సర్ ఆ డెఫ్ వెస్ట్ వేదిక మీద పెరిగిన నటుడే.

జపాన్‌లో ఈ కథకు తెలుగు పాఠకుడికి బాగా తెలిసిన మనిషి ఉంది. ‘రైలుబడి’ చదవని ఉపాధ్యాయులు మన దగ్గర తక్కువ. ఆ తోతోచాన్, అంటే తెత్సుకో కురోయానగి, 1981లో వచ్చిన ఆ పుస్తకం మీది రాయల్టీతో తోతో ఫౌండేషన్ పెట్టి బధిర నటులకు శిక్షణ ఇప్పిస్తోంది. వాళ్లు ఆడేవాటిలో జపాన్ సంప్రదాయ ప్రహసనం క్యోగెన్ కూడా ఉంది, సైగల్లో. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి చెట్టెక్కించడానికి నిచ్చెన ఈడ్చుకొచ్చిన పాప పెద్దయ్యాక చేసిన పని ఇది. ఆ అధ్యాయం చదివి కంటతడి పెట్టుకున్న మనం దాని కొనసాగింపును గమనించలేదు.

బ్రిటన్ కథ వేరే రకం. అక్కడ ఇది భాషతో కాదు, కోపంతో మొదలైంది. 1970ల్లో అక్కడి వికలాంగులు ఒక కొత్త మాట చెప్పసాగారు. నా కాళ్లు నన్ను ఆపడం లేదు, మీరు కట్టిన మెట్లు ఆపుతున్నాయి అని. 1976లో అక్కడి వికలాంగుల సంఘమొకటి ఈ ఆలోచనను సూత్రంగా రాసి పెట్టింది. అదే రోజుల్లో కోవెంట్రీలోని హియర్‌వర్డ్ కళాశాలలో నబిల్ షబాన్ అనే విద్యార్థి, రిచర్డ్ టామ్లిన్సన్ అనే అధ్యాపకుడు కలిసి నాటకాలు వేయడం మొదలుపెట్టారు. షబాన్ జోర్డాన్‌లో పుట్టినవాడు, ఎముకలు పెళుసుబారే జబ్బుతో చక్రాల కుర్చీలో తిరిగేవాడు. నటన నేర్పే బళ్లు అప్పట్లో అతనిలాంటివాళ్లను చేర్చుకునేవి కావు. 1980లో ఇద్దరూ కలిసి గ్రేయై థియేటర్ కంపెనీ స్థాపించారు. గ్రీకు పురాణంలో ఒకే కన్నును, ఒకే పన్నును పంచుకుని బతికే ముగ్గురు అక్కచెల్లెళ్ల పేరు అది. మొదటి నాటకం పేరు ‘సైడ్‌షో’. బార్నమ్ కాలపు ప్రదర్శనశాలను వికలాంగులే వేదిక మీదికి తెచ్చి, చూడండి, ఈసారి చూపిస్తున్నది మేము అన్నారు.

1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. చిన్నప్పుడు పోలియో వచ్చిన గాయకుడు ఇయాన్ డ్యూరీకి ఆ ప్రకటన జాలి చూపులా తోచింది. ‘స్పాస్టికస్ ఆటిస్టికస్’ అని ఒక పాట కట్టి వదిలాడు. తిట్టుగా వాడే మాటను తానే ఎత్తుకుని ఎదురు విసిరిన పాట. బీబీసీ దాని ప్రసారాన్ని కట్టడి చేసింది. డ్యూరీ 2000లో పోయాడు. 2012 ఆగస్టు 29న లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో, కోట్లమంది చూస్తుండగా, గ్రేయై కళాకారులు ఆ పాటనే పాడారు. ఆ ఉత్సవానికి దర్శకులిద్దరిలో ఒకరు జెన్నీ సీలీ. ఏడేళ్ల వయసులో వినికిడి పోగొట్టుకున్న ఆమె 1997లో గ్రేయై పగ్గాలు అందుకుంది. 2016లో ఆమె ఢాకా వెళ్లి అక్కడి వికలాంగ నటులతో బంగ్లాలో రోమియో జూలియెట్ నాటకం చేయించింది.

సీలీ చేసిన పనుల్లో మన నాటకానికి చాలా దగ్గరైనది ఒకటుంది. మామూలుగా సైగల అనువాదకుణ్ణి వేదిక అంచున నల్లచొక్కా తొడిగి నిలబెడతారు. చూపులేనివాళ్లకు చెవిలో యంత్రం పెట్టి వర్ణన వినిపిస్తారు. ఈ వర్ణన పద్ధతి 1981లో వాషింగ్టన్ అరీనా స్టేజ్‌లో మొదలైంది, గొప్ప మేలు చేసింది. సీలీ ఒక అడుగు ముందుకేసింది. సైగలూ వర్ణనా నాటకం పక్కన ఎందుకుండాలి, నాటకంలోనే ఉండకూడదా అని అడిగింది. అనువాదకుడు ఒక పాత్ర అయ్యాడు. ఎవరు వచ్చారో, ఏం కట్టుకున్నారో, ఎటు నడిచారో పాత్రలే మాటల్లో చెప్పసాగాయి.

ఇది చదివినప్పుడు నాకు కూచిపూడి ప్రవేశ దరువు గుర్తొచ్చింది. పాత్ర తెర వెనక నుంచి వస్తూ తానెవరో, తన సొగసేమిటో పాడి చెప్పుకుంటుంది. పద్యనాటకంలో రాజు రాగానే తన పేరూ ప్రతాపమూ ప్రకటిస్తాడు. బుర్రకథలో కథకుడు చెప్పినదాన్ని ఇద్దరు వంతలు అందుకుని, ఒకరు విడమరిచి, ఒకరు నవ్వించి, మళ్లీ చెబుతారు. తోలుబొమ్మలాటలో ప్రతి కదలికకూ ఒక మాట ఉంటుంది. చూపులేని ముసలివాళ్లు తెల్లవార్లూ మంచం వాల్చుకుని పద్యనాటకం ‘చూసిన’ ఊళ్లు మనవి. అదే కూచిపూడి హస్తాభినయం చెవులు లేనివాడికి కథ చెప్పగలదు. లండన్ వాళ్లు కష్టపడి కనిపెట్టుకున్నది మన అటకమీద ఉంది. దాన్ని ఎవరి కోసం దించాలో మనకు తోచలేదు.

గ్రేయైది వృత్తి నటుల బృందం. ఊరి జనం సాయంత్రాలు కూడి ఆడుకునే నాటకసమాజాల్లో ఈ మార్పు ఎలా వచ్చిందో చూడాలంటే అమెరికాలోని డెన్వర్ వెళ్లాలి. అక్కడ బెట్చర్ స్కూల్ అని వికలాంగ పిల్లల బడి ఉండేది. అందులో చదివిన ఐదుగురు స్నేహితులు పెద్దయ్యాక ఎక్కడ వేషం అడిగినా దొరకక, 1989లో తామే ఒక సమాజం పెట్టుకున్నారు. పేరు ఫామలీ. 1990లో ‘గైస్ అండ్ డాల్స్’ అనే ప్రసిద్ధ సంగీత నాటకంతో మొదలుపెట్టారు. వికలాంగుల కష్టాల మీద నాటకం వేయకుండా, అందరూ వేసే నాటకాన్నే ఎంచుకోవడంలో గొప్ప తెలివి ఉంది. జూదగాడు చక్రాల కుర్చీలో ఉంటే జూదగాడే, ప్రేమికురాలి చేతిలో తెల్లకర్ర ఉంటే ప్రేమికురాలే. కాసేపటికి ప్రేక్షకుడు కుర్చీని మర్చిపోయి కథలో పడతాడు. లేదా కుర్చీ వల్ల కథలో కొత్త అర్థం చూస్తాడు. రెండూ మంచివే.

ఇక అన్నిటికంటే చివర తెరుచుకున్న తలుపు బుద్ధి వికాసం తక్కువగా ఉన్నవాళ్లది. కాలూ చెయ్యీ లేనివాడు నటించగలడని ఒప్పుకున్నవాళ్లు కూడా, వీళ్లకు పాత్ర అంటే ఏమిటో అర్థమవుతుందా అని సందేహించారు. ఆస్ట్రేలియాలోని గీలాంగ్ పట్టణంలో 1987లో బ్యాక్ టు బ్యాక్ థియేటర్ మొదలైంది. పెద్దపెద్ద ఆశ్రమాలు మూసి ఇలాంటివాళ్లను సమాజంలోకి తీసుకొస్తున్న కాలం అది. బృందంలో ముఖ్య నటులందరూ ఇలాంటివాళ్లే. నాటకాన్ని దర్శకుడు రాసి ఇవ్వడు. ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకుని, ఆడి చూసి, నటులే రచయితలవుతారు. వాళ్ల ‘స్మాల్ మెటల్ ఆబ్జెక్ట్స్’ను మెల్‌బోర్న్ రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల మధ్య ఆడారు. ప్రేక్షకులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని జనసందోహంలో నటులెక్కడున్నారో వెతుక్కున్నారు. రోజూ మన పక్కనుంచే నడిచి వెళ్లే, మన కంటికి ఆనని మనుషుల మీద ఇంతకంటే సూటైన నాటకం నాకు తెలియదు.

2011లో వాళ్లు ‘గణేశ్ వర్సెస్ ది థర్డ్ రైక్’ వేశారు. వినాయకుడు తన స్వస్తిక చిహ్నాన్ని హిట్లర్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి జర్మనీ బయల్దేరతాడు. ప్రదర్శనకు ముందు హిందూ సంఘాలు కొన్ని అభ్యంతరం చెప్పాయి, బృందం వాళ్లతో మాట్లాడింది. కథను ఇక్కడితో వదిలేస్తే అన్యాయం. హిట్లర్ పాలనలో 1939 నుంచి రెండేళ్లలో, టీ4 అనే పథకం కింద, 70 వేలకు పైగా వికలాంగుల్ని, మానసిక రోగుల్ని చంపారు. అలాంటివాళ్లే నటులైన బృందం ఆ నేలకు పంపడానికి ఏనుగు తల అతికించుకుని లేచినవాణ్ణి, అందరూ మొదట మొక్కే దేవుణ్ణి ఎంచుకుంది. నాటకంలో మరో పొర కూడా ఉంది. ఈ నాటకాన్ని తయారుచేస్తున్న రిహార్సల్ గదిని కూడా చూపిస్తారు. అక్కడ మామూలు మనిషైన దర్శకుడు నటుల మీద అరుస్తాడు, మీకేం తెలుసంటాడు. మేలు చేస్తున్నానన్న పేరుతో పెత్తనం ఎలా చేరుతుందో బృందమే తన కథలో విప్పి చూపింది. 2022లో ఈ బృందానికి అంతర్జాతీయ ఇబ్సెన్ అవార్డు, 2024లో వెనిస్ బియెనాలేలో జీవితకాల కృషికి స్వర్ణసింహం దక్కాయి.

మన దేశం ఈ కథలో వెనకబడి ఉంది కానీ ఖాళీగా లేదు. కోల్‌కతాలో 1970ల్లోనే ది యాక్షన్ ప్లేయర్స్ పేరుతో బధిర నటుల బృందం ఏర్పడింది. అదే నగరంలో 1990ల్లో చూపులేని నటులతో బ్లైండ్ ఒపేరా వచ్చింది. చూపులేని నటుడు వేదిక కొలతను పాదాలతో, సహనటుడి దూరాన్ని గొంతుతో గుర్తుపెట్టుకుంటాడు. అందుకే ఇలాంటి బృందాల్లో రిహార్సల్ నెలల తరబడి సాగుతుంది. చెన్నైలో అంబికా కామేశ్వర్ 1989 నుంచి ‘రస’ ద్వారా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నాట్యం, నాటకం కలిపి నేర్పుతున్నారు. సయ్యద్ సల్లావుద్దీన్ పాషా చక్రాల కుర్చీల మీద రామాయణం ఆడించారు.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో ఒక గట్టి పేజీ ఉంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర జరిగిన బస్సు ప్రమాదంలో సుధా చంద్రన్ కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ కాలు అమర్చుకుని 1984లో మళ్లీ భరతనాట్య వేదిక ఎక్కారు. ఆమె కథను రామోజీరావు నిర్మాతగా సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ తీసినప్పుడు ఆమె పాత్రను ఆమే వేసింది. కాలున్న తారను పెట్టి కట్టు కట్టించలేదు. ఆమెకు దానికి జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక గుర్తింపు వచ్చింది. నలభై ఏళ్ల కిందట మన సినిమా వేసిన ఆ అడుగుకు రెండో అడుగు పడలేదు. నత్తి మీద, చెవుడు మీద హాస్యం మాత్రం వేదిక మీదా తెర మీదా ఆగలేదు.

చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడికలో 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును చెప్పింది. భారత్ 2007లో దాన్ని ఆమోదించింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. దాని 29వ సెక్షన్ వికలాంగ కళాకారులకు వసతులూ ఆర్థిక సాయమూ కల్పించాలని, కళల కోర్సులను వాళ్లు చేరగలిగేలా మార్చాలని స్పష్టంగా చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలోని వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. ఈ సెక్షన్ పేరు మన నాటక సభల్లో నేనెప్పుడూ వినలేదు.

చట్టం ఉన్న చోట కూడా మెట్లు ఎలా మిగిలిపోతాయో 2019 జూన్‌లో న్యూయార్క్ చూపించింది. రెండేళ్ల వయసులో కారు ప్రమాదంలో నడక పోగొట్టుకున్న అలీ స్ట్రోకర్, 2015లో బ్రాడ్‌వే వేదిక మీదికి చక్రాల కుర్చీలో వచ్చిన మొదటి నటి. ‘ఓక్లహోమా’లో పాత్రకు ఆమెకు టోనీ వచ్చింది. పేరు పిలిచినప్పుడు మిగతా నటులు ప్రేక్షకుల మధ్య నుంచి లేచి వేదిక ఎక్కారు. ప్రేక్షకుల వైపు నుంచి వేదికకు వాలుదారి లేదు గనక ఆమె ముందే వేదిక వెనక్కి వెళ్లి ఎదురుచూసింది. అక్కణ్ణుంచే వచ్చి పురస్కారం తీసుకుంది. ఆ రాత్రి ఆ నాటకానికే ఉత్తమ పునఃప్రదర్శన బహుమతి వస్తే, తోటివాళ్లంతా వేదిక మీద నిలబడ్డారు, ఆమె లేదు. మా స్కూలు తెర వెనక కూర్చున్న పిల్లవాడికీ ఆమెకూ మధ్య ఉన్న దూరం నేననుకున్నంత ఎక్కువ కాదు.

మన ఊళ్ల సంగతికి వస్తే, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆడుతూ ఎస్వీ రంగారావు లాంటివాళ్లు తయారయ్యారు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి ఒక కుటుంబాన్నంతా, పసిపిల్ల నుంచి ముసలివాళ్ల దాకా, వేదిక మీద నిలిపింది. ఉద్యోగాలు చేసుకుంటూ, డబ్బు ఖర్చుపెట్టుకుంటూ, పరిషత్తు పోటీలకు లారీల్లో రంగాలంకరణ మోసుకెళ్లే సమాజాలు ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. ఈ మాట వాళ్లకే చెబుతున్నాను. వచ్చే నాటకానికి వేషాలు పంచే రోజున, మీ ఊళ్లోని అంధుల బడికి, బధిరుల సంఘానికి, మానసిక వికాస కేంద్రానికి కబురు పెట్టండి. దయగా ఒక పాట పాడించి శాలువా కప్పడానికి కాదు, వేషం కోసం పోటీ పడమనడానికి. పద్యం బాగా వచ్చినవాడికి కృష్ణుణ్ణివ్వండి, వాడు కూర్చుని పాడినా సరే. రిహార్సల్‌కు రెండు నెలలు ఎక్కువ పెట్టుకోండి. నత్తి మీద రాసుకున్న హాస్యం కొట్టేయండి. వేదికకు వాలుదారి వేయించండి, జనం కూర్చునే వైపు ఒక్కటే కాదు, నటులు ఎక్కే వైపు కూడా. లెక్క సులువే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడు అడుగుల వేదికకు ముప్పై ఆరు అడుగుల వాలు చాలు.